జర్మనీలో ఊరివాళ్ళతో పరిచయాలు: కూరగాయల కొట్టు దగ్గర మొదలుపెట్టు, తమ్ముడూ

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కెమ్నిట్స్ వచ్చి ఐదు నెలలైంది, కోర్సు ఇంగ్లిష్‌లో, రూమ్‌లో నలుగురూ తెలుగువాళ్ళే, జర్మన్ భాషలో మొదటి మెట్టు ఏ1 పాసైనా నోరు తెరవాలంటే టెన్షన్, సామాన్లన్నీ సెల్ఫ్ చెకౌట్‌లో, అంటే మనిషి లేని బిల్లు కౌంటర్‌లో, కొనుక్కుని వచ్చేస్తున్నాను, ఇప్పటికి ఒక్క జర్మన్ మనిషి పేరు కూడా తెలియదు, ఏం చేయమంటారు అక్కా అని అడిగావు. నేను 2014 అక్టోబర్‌లో ఇదే ఊరికి మాస్టర్స్‌కి వచ్చాను. తర్వాత ఇక్కడే ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండిపోయాను. మొదటి ఏడాది నేను కూడా నీలాగే ఉన్నాను. అందుకని నాకు పనికొచ్చిన సంగతులే రాస్తాను.

ముందు సెల్ఫ్ చెకౌట్ మానెయ్. ఒక బేకరీ, ఒక కూరగాయల కొట్టు ఎంచుకో. వారం వారం అదే రోజు, అదే వేళకి వెళ్ళు. ఆ కొట్టుకి నువ్వు వాడుక మనిషివి కావాలి.

వాడుక అంటే నీకు తెలిసిందే. ఖమ్మంలో మా అమ్మ ఇరవై ఏళ్ళుగా ఒకామె దగ్గరే కూరగాయలు కొనేది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళ తర్వాత ముందుగా అడిగింది ఆమే: "పాపకి జ్వరం తగ్గిందామ్మా?" అని. వాళ్ళిద్దరూ స్నేహం చేద్దామని ఏనాడూ కూర్చుని అనుకోలేదు. వంకాయలు కొంటూ అమ్ముతూ ఉండగానే అంత దగ్గరయ్యారు. జర్మన్‌లో దీనికి సరిగ్గా ఒక మాట ఉంది: 'ష్టామ్‌కుండె'. వాడుకగా వచ్చే మనిషి అని అర్థం. ఆడవాళ్ళయితే 'ష్టామ్‌కుండిన్'. మన దగ్గర ఆ మాటకి ఎంత విలువుందో ఇక్కడా అంతే. కాకపోతే ఇక్కడ అది మెల్లగా వస్తుంది. నా లెక్కలో మూడు నాలుగు నెలలు పడుతుంది.

నువ్వున్నది తూర్పు జర్మనీ అన్నది మర్చిపోకు. 1990కి ముందు ఇది వేరే దేశం. ఈ ఊరి పేరు కూడా 1953 నుంచి 1990 దాకా కార్ల్-మార్క్స్-ష్టాట్. ఊరి మధ్యలో ఉన్న ఆ పెద్ద మార్క్స్ తలకాయ 1971లో పెట్టింది. ఇక్కడివాళ్ళు దాన్ని ముద్దుగా 'నిషెల్' అంటారు. ఆ రోజుల్లో ఐదో తరగతి నుంచి బడిలో పిల్లలందరికీ రష్యన్ తప్పనిసరి. ఇంగ్లిష్ అంతగా నేర్పలేదు. అందుకే అరవై దాటినవాళ్ళతో నీ ఇంగ్లిష్ సాగదు. వాళ్ళు ముఖం తిప్పుకుంటే కోపం అనుకోకు. చాలాసార్లు అది బిడియం, నీకున్న బిడియం లాంటిదే. నాకైతే ఇది మన అదృష్టమే అనిపిస్తుంది. బెర్లిన్‌లో ఉన్న నా క్లాస్‌మేట్స్ కాఫీ కూడా ఇంగ్లిష్‌లోనే ఆర్డర్ చేసేవాళ్ళు, నాలుగేళ్ళు గడిచినా వాళ్ళ జర్మన్ ఏ2 దాటలేదు. ఇక్కడ ఆ వీలు లేదు.

ఇక కొట్టులో మాటల సంగతి. క్లాసులో జర్మన్ మాట్లాడటం కష్టం, ఎందుకంటే ఎదుటివాళ్ళు ఏం అడుగుతారో తెలియదు. కొట్టులో రోజూ అవే మాటలు. లోపలికి అడుగుపెట్టగానే 'గూటెన్ టాగ్' లేదా 'హాలో' అని అందరికీ వినపడేలా చెప్పాలి. ఇది మనవాళ్ళు ఎక్కువగా మర్చిపోయే సంగతి. మనం నవ్వుతాం, తలూపుతాం, అది చాలనుకుంటాం. ఇక్కడ చిన్న కొట్టులో నోటితో పలకరించకపోతే అమర్యాద. డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో కూడా అడుగుపెట్టినవాళ్ళు అక్కడున్నవాళ్ళకి హాలో చెప్పడం చూసే ఉంటావు.

తర్వాత, కావాలి అనడానికి 'ఇష్ విల్' అనకు, అది పిల్లలు మారాం చేసినట్టు ఉంటుంది. 'ఇష్ హెట్టె గెర్న్' అను. మనం "ఒక అరకిలో ఇస్తారా" అంటామే, ఆ మర్యాద అందులో ఉంది. కొట్టు ఆమె ఇచ్చాక 'జోన్స్ట్ నోఖ్ వాస్?' అంటుంది, ఇంకేమైనా కావాలా అని. చాలనుకుంటే 'డాస్ వార్స్, డాంకె' అంటే సరిపోతుంది. చివర్లో 'ష్యోనెన్ టాగ్ నోఖ్' అంటుంది. నువ్వు 'ఈనెన్ అవుఖ్' అను, మీక్కూడా అని. ఈ నాలుగు మాటలు తప్పుల్లేకుండా వచ్చేదాకా కొత్తవి ఏవీ కలపకు. మొదటి నెలకి అంతే చాలు.

తూకాల దగ్గర మనకి ఒక సౌకర్యం ఉంది. జర్మన్లు గ్రాములు వాడినా మార్కెట్‌లో పెద్దవాళ్ళు 'ఫుండ్' అంటారు. ఒక ఫుండ్ అంటే 500 గ్రాములు, మన అరకిలో. 'హాల్బెస్ ఫుండ్' అంటే పావుకిలో. పావుకిలో, అరకిలో అని పెరిగిన మనకి ఇది వెంటనే పట్టుబడుతుంది. తూచేటప్పుడు ముల్లు కాస్త దాటితే 'డార్ఫ్స్ ఐన్ బిషెన్ మేర్ జైన్?' అని అడుగుతారు, కాస్త ఎక్కువైంది, ఫర్వాలేదా అని. నేను మొదటిసారి అది కొసరు అనుకుని సంతోషంగా తలూపాను. అది కొసరు కాదు, ఆ ఎక్కువకి కూడా డబ్బు పడుతుంది. వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. అసలైన కొసరు కూడా వస్తుంది, కానీ అది అడిగితే రాదు. నేను వాడుక మనిషినయ్యాక కొట్టు ఆమె తనంతట తానే ఒక పార్స్‌లీ కట్ట సంచిలో పెట్టేది.

అంకెలు మాత్రం కూర్చుని సాధన చెయ్యాలి. మనం ఎనభై ఏడు అంటాం, వాళ్ళు ఏడు-ఎనభై అంటారు. 3 యూరోల 87 సెంట్లని చెబితే నా చెవికి 78లా వినపడేది. ఎంతైందో అర్థంకాక ప్రతిసారీ పెద్ద నోటు ఇచ్చేదాన్ని. రోడ్డు మీద కార్ల నంబర్లు పైకి చదువుకుంటూ నడిచాను, మూడు వారాల్లో కుదిరింది. టైమ్ చెప్పడంలో మాత్రం ఈ ప్రాంతం వాళ్ళు మనలాగే పావు, సగం, ముప్పావు అంటారు, కాకపోతే రాబోయే గంట పేరుతో. 'డ్రై' అంటే మూడు. మన ఊరున్న ఈ సాక్సనీ రాష్ట్రంలో 'ఫియర్టెల్ డ్రై' అంటే రెండుంపావు, 'హాల్ప్ డ్రై' అంటే రెండున్నర, 'డ్రై ఫియర్టెల్ డ్రై' అంటే రెండుముప్పావు. మూడో గంటలో పావు, సగం, ముప్పావు అయిందని వాళ్ళ లెక్క. ఆ పావు, ముప్పావు దగ్గర వేరే ప్రాంతాల జర్మన్లు కూడా చాలామంది తికమకపడతారు.

మార్కెట్ మర్యాదల్లో రెండు చెబుతాను. మనం బెండకాయ చివర విరిచి చూస్తాం, టమాటా నొక్కి చూస్తాం. ఇక్కడ బల్ల మీది సరుకు చేత్తో ముట్టుకోకు. అడుగు, వాళ్ళే ఏరి ఇస్తారు. "ఈరోజు వండుకోవడానికి", "మూడు రోజుల తర్వాతకి" అని చెబితే దానికి తగ్గట్టు ఇస్తారు. అలా చెప్పడం కూడా మాట కలిపినట్టే. రెండోది, కూరగాయల దగ్గర బేరం ఆడకు. బేరం ఆడాలని ఉంటే ఆదివారం ఫ్లోమార్క్ట్‌కి వెళ్ళు, పాత సామాన్ల సంత అన్నమాట. అక్కడ బేరం మర్యాదే. ఆన్‌లైన్‌లో పాత సైకిల్, బల్ల కొనేటప్పుడు 'VB' (ఫౌ-బే) అని రాసి ఉంటే బేరానికి వీలుందని, 'ఫెస్ట్‌ప్రైస్' అంటే వీల్లేదని. మెసేజ్ పెట్టగానే "లాస్ట్ ప్రైస్ ఎంత" అని మొదలుపెట్టేవాళ్ళంటే ఇక్కడ అందరికీ చిరాకు. ముందు పలకరించు, వస్తువు గురించి ఒక ప్రశ్న అడుగు, చూడటానికి ఎప్పుడు రావచ్చో కనుక్కో. ధర మాట ఎదురుగా నిలబడి మాట్లాడుకో. నా కుక్కర్ స్టాండ్, పుస్తకాల అర, సైకిల్ అన్నీ అలా కొన్నవే. సైకిల్ అమ్మిన పెద్దాయన గొలుసుకి నూనె ఎలా వెయ్యాలో అరగంట చూపించాడు. ఆరోజు నేను విన్నంత జర్మన్ ఆ సెమిస్టర్ మొత్తంలో వినలేదు.

ఇప్పటిదాకా చెప్పింది కొనడం గురించి. పరిచయం మొదలయ్యేది ప్రశ్నతో. ఒక ప్రశ్న నేర్చుకో: 'వీ మాఖ్ట్ మాన్ డాస్?' దీన్ని ఎలా వండుతారు? ఇంకోటి: 'వీ హైస్ట్ డాస్ అవుఫ్ డొయిచ్?' దీన్ని జర్మన్‌లో ఏమంటారు? ఈ రెండు ప్రశ్నల వల్లే నాకు ఈ ఊరు దగ్గరైంది.

2015 వసంతం అనుకుంటా. గోంగూర తినాలని మనసు పీకేస్తోంది. రాట్‌హౌస్ (టౌన్ హాల్) ముందు మార్కెట్‌లో నేను కొనే బల్ల దగ్గర ఒక పెద్దావిడ ఉండేది. గోంగూరని జర్మన్‌లో ఏమంటారో నాకు తెలియదు. వచ్చిన నాలుగు ముక్కలూ పేర్చుకున్నాను: ఆకు, పచ్చగా, పుల్లగా, వండాలి. ఆవిడ కళ్ళు చిట్లించి ఆలోచించింది. నా వెనక నిలబడ్డ ఇంకో ముసలావిడ "జవరాంప్ఫర్!" అంది. బల్ల దగ్గరి ఆవిడ "నూ, నూ" అని తలూపింది. సాక్సనీలో 'నూ' అంటే అవును అని. నాకప్పుడు అది కూడా తెలియదు, వద్దంటోందేమో అనుకున్నాను. ఆ రోజు తన దగ్గర లేదంది. మరుసటి శుక్రవారం వెళ్ళేసరికి తన తోటలోంచి తెంపిన ఆకు ఒక కాగితంలో చుట్టి ఉంచింది. డబ్బులు తీసుకోలేదు.

అది గోంగూర కాదు. రూమ్‌కి తెచ్చి పప్పులో వేశాక రుచి తెలిసింది, మన చుక్కకూర! తర్వాత చదివి తెలుసుకున్నాను, జవరాంప్ఫర్, చుక్కకూర రెండూ రూమెక్స్ జాతివే. అక్కాచెల్లెళ్ళ లాంటి మొక్కలు. మరుసటి వారం వెళ్ళి ఆ సంగతి చెప్పాలి కదా. పప్పుని ఏమనాలి, పోపుని ఏమనాలి, వెల్లుల్లి నూనెలో వేగడాన్ని ఎలా చెప్పాలి, అన్నీ రాత్రి కూర్చుని రాసుకున్నాను. ఏ పరీక్షకీ నేను అంత శ్రద్ధగా చదవలేదు. ఆవిడ ఓపిగ్గా విని, తాము దానితో సూప్ చేసుకుంటామని చెప్పింది. వరుసలో వెనక ఉన్నవాళ్ళు కూడా ఆగి విన్నారు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం ఒక కూర గురించి మాట్లాడుకునేవాళ్ళం. రబార్బర్ (ఇంగ్లిష్‌లో రూబార్బ్) అనే పుల్లటి కాడలు వాళ్ళు పంచదార వేసి కేకుల్లో పెట్టుకుంటారు, నేను పప్పులో వేస్తానంటే ఆశ్చర్యపోయింది. (నువ్వు కూడా చెయ్, మామిడికాయ పప్పులా ఉంటుంది. కాడలే వాడాలి, ఆకులు విషం.) తెల్ల ష్పార్గెల్‌ని (ఆస్పరాగస్) పైనుంచి కిందికి చెక్కు తియ్యాలని, జూన్ 24 తర్వాత దాన్ని కొయ్యరని నేర్పింది ఆవిడే.

మాటలు తెలియకపోతే నష్టం కూడా ఉంటుంది. మొదటి నెలలో జీలకర్ర అనుకుని 'క్యుమ్మెల్' డబ్బా కొన్నాను. సాంబారంతా వేరే వాసన వచ్చింది, పారబోశాం. జీలకర్ర 'క్రొయిట్స్‌క్యుమ్మెల్'. ఉప్మాకి 'హార్ట్‌వైట్సెన్‌గ్రీస్' అని రాసి ఉన్న రవ్వ తీసుకో, 'వైష్‌వైట్సెన్' అని ఉంటే ముద్దవుతుంది. మైదా కావాలంటే 405 నంబర్ పిండి. ఇవన్నీ ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసుకోవచ్చు, నిజమే. కానీ ఒకసారి ఫోన్ జేబులో పెట్టి మనిషిని అడిగి చూడు.

నీ రూమ్మేట్స్ కొత్తిమీర ఎక్కడ కొంటున్నారో నేను చెప్పగలను, వియత్నాం వాళ్ళ కొట్టులోనే. ఆ కొట్లు ఈ ప్రాంతంలో ఇన్ని ఎందుకున్నాయో తెలుసుకో. 1980ల్లో తూర్పు జర్మనీ ఫ్యాక్టరీల్లో పని చేయడానికి ఒప్పందం మీద వియత్నాం నుంచి వేల మంది వచ్చారు. 1989 నాటికి దాదాపు 60 వేల మంది ఉన్నారు. బెర్లిన్ గోడ కూలాక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, చాలామంది ఉద్యోగాలు పోయాయి. ఇక్కడే ఉండిపోయినవాళ్ళలో చాలామంది కూరగాయలు, పూలు, బట్టల కొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నారు. వాళ్ళతో మాట్లాడు. వాళ్ళకీ జర్మన్ నేర్చుకున్న భాషే, కాబట్టి చిన్న చిన్న వాక్యాలు మాట్లాడతారు, నీకు అర్థమవుతాయి, నీ తప్పులకి ఆగిపోరు. మా వీధిలో కొట్టు నడిపే ఆవిడ నాకు కాకరకాయ వచ్చిన రోజు ఫోన్ చేస్తుంది. ఊరివాళ్ళు అంటే వాళ్ళు కూడా ఊరివాళ్ళే.

కుర్రవాళ్ళు కౌంటర్‌లో ఉంటే నీ యాస విని ఇంగ్లిష్‌లోకి మారిపోతారు, సాయం చేద్దామనే. బాధపడకు. "ఇష్ లెర్నె గెరాడె డొయిచ్, క్యోనెన్ వియర్ బిట్టె డొయిచ్ ష్ప్రెషెన్?" అని అడుగు. జర్మన్ నేర్చుకుంటున్నాను, జర్మన్‌లోనే మాట్లాడుకుందామా అని. పది మందిలో తొమ్మిది మంది సంతోషంగా మారతారు. అయితే వెనక పెద్ద వరుస ఉన్నప్పుడు మాత్రం ఇది చేయకు. శనివారం సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో అసలు వద్దు. ఆదివారం కొట్లు మూసేస్తారు కాబట్టి ఊరంతా అప్పుడే వస్తుంది. మామూలు రోజుల్లో పొద్దున పదింటికి వెళ్ళు. రిటైరైనవాళ్ళు వచ్చే వేళ అది, వాళ్ళకి తీరిక ఉంటుంది.

'జీ', 'డూ' దగ్గర మనకి దిగులు లేదు. మీరు, నువ్వు తెలిసిన భాష మనది. కొట్లో అందరినీ 'జీ' అను. 'డూ' అని పిలవమని పెద్దవాళ్ళే ముందు చెప్పాలి, చిన్నవాళ్ళు చొరవ తీసుకోకూడదు.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. అందరూ మంచిగా ఉండరు. 2018 ఆగస్టులో ఈ ఊళ్ళో కత్తిపోట్లకి ఒకతను చనిపోయాక విదేశీయులకి వ్యతిరేకంగా ఊరేగింపులు జరిగాయి, దాడులు జరిగాయి. అమ్మ రోజూ ఏడుస్తూ ఫోన్ చేసేది. నేను రెండు రోజులు గది దాటలేదు. మూడో రోజు రొట్టె కోసం వెళ్తే, బేకరీ ఆమె డబ్బులు తీసుకోకుండా ముందు నన్ను అడిగింది, ఆ రోజు క్షేమంగా ఇంటికి చేరారా అని. కొట్టు మూసే వేళ తన కూతురు కార్లో దింపుతుందని చెప్పింది. సెప్టెంబర్ 3న ద్వేషానికి వ్యతిరేకంగా ఇక్కడ పెట్టిన సంగీత కచేరీకి 65 వేల మంది వచ్చారు, ఆ అమ్మాయితో కలిసి నేనూ వెళ్ళాను. ఎక్కడైనా ఎవరైనా మాట తూలితే వాదనకి దిగకు, అక్కడినుంచి వచ్చెయ్, నలుగురున్న చోటికి వెళ్ళు. భయం వేస్తే పోలీసులకి 110.

ఇంకొకటి, తొందరపడకు. జర్మన్‌లో 'బెకాంటె' వేరు, 'ఫ్రొయిండ్' వేరు. తెలిసినవాళ్ళని స్నేహితులు అనరు. మనవాళ్ళలా రెండోరోజే భోజనానికి రమ్మనరు. ఏడాదిపాటు బల్లకి అటూ ఇటూ నిలబడే మాట్లాడుకుంటారు, అయినా అది ఉత్తుత్తి పరిచయం కాదు. నువ్వు ఒక అడుగు ముందుకు వెయ్యాలనుకుంటే సంక్రాంతికి ఇంటినుంచి అరిసెలు వచ్చినప్పుడు రెండు తీసుకెళ్ళి ఇవ్వు. నువ్వులు ఉన్నాయని ముందే చెప్పు, కొందరికి పడవు. అరిసె అంటే ఏమిటో జర్మన్‌లో చెప్పడానికి నీకు బియ్యప్పిండి, బెల్లం, నెయ్యి మాటలు కావాలి, ఆ రాత్రికే నేర్చేసుకుంటావు. కారం ఉన్నవి మొదట్లో వద్దు.

నన్ను ఇంటికి పిలవడానికి మార్కెట్ ఆవిడకి మూడేళ్ళు పట్టింది. ఆపిల్స్ కోసే కాలం. శనివారం తోటకి రమ్మంది, కాఫీ, కేక్ ఉంటాయని, డ్రై ఫియర్టెల్ డ్రైకి అని. రెండుముప్పావుకి పూలు పట్టుకుని గేటు దగ్గర ఉన్నాను. తోట మూలన జవరాంప్ఫర్ మడి చూపించి, ఇది నీకోసం కాస్త పెంచాను అంది.

క్లాసులు మానకు, ఏ2కి ఫోక్స్‌హోఖ్‌షూలెలో (పెద్దవాళ్ళకి క్లాసులు చెప్పే ఊరి విద్యా కేంద్రం) చేరు, వ్యాకరణం కొట్లో రాదు. కానీ ఈ శుక్రవారం పొద్దున పదింటికి రాట్‌హౌస్ ముందుకి వెళ్ళు. ఒంటరిగా వెళ్ళు, రూమ్మేట్స్ పక్కనుంటే తెలుగే వస్తుంది. పలకరించి, ఒక ఫుండ్ ఆపిల్స్ అడుగు. కేక్‌కి ఏ ఆపిల్ బాగుంటుందో కూడా అడుగు. నా అంచనా, బోస్కోప్ అంటుంది. పుల్లగా ఉంటుంది, పప్పులోకీ బాగుంటుంది. ఆమె ఏం చెప్పిందో వచ్చి ఇక్కడ రాయి.